కాలు చెదరని ఫొటో

ఇంట్లో ఫొటోగ్రాఫర్ ఒక్కడుంటే చాలు. మా బావ కెమెరా కొన్నప్పటి నుంచి ఇద్దరమయ్యాం, నా ప్రాణం తోడేస్తున్నాడు. ఆటల ఫొటోలు తీసి పొట్ట పోసుకునేది నేనన్న సంగతి ఆయనకి పట్టదు.

అక్క కూతురు హర్డిల్స్, అంటే అడ్డకర్రల మీంచి దూకే పందెం, పరిగెడుతుంది. కొన్నాళ్ళుగా చివరి హర్డిల్‌కి కాలు తగిలించి పడగొడుతోంది. "కాలు ఎక్కడ తగులుతోందో స్పష్టంగా కనపడే ఫొటో తెండి, దాన్నిబట్టి దిద్దుతాను. లేదంటే శుక్రవారం ప్రకటించే జట్టులో పేరుండదు" అని కోచ్ తెగేసి చెప్పాడట. అక్క ఫోన్లో తీసిన వీడియోలో ఆ కాలు కాస్తా అలుక్కుపోయింది. అందుకే సాయంత్రం నలుగురం మైదానానికి వెళ్ళాం.

బావ తన కొత్త జూమ్ లెన్స్ నా చేతిలో పెట్టాడు. "ఎంత దూరమైనా లాగేస్తుందిరా!"

"దూరం లాగుతుంది బావా, వెలుతురు లాగదు. ఈ వేళప్పుడు పనికిరాదు."

"ముందు తియ్యి, తర్వాత వంకలు పెడుదువుగాని."

తీశాను. వెలుతురు చాలక షట్టర్ వేగం సెకనులో రెండు వందలో వంతు దగ్గరే ఆగిపోయింది. పరిగెత్తే కాలికి అదేం చాలుతుంది? ఫొటోలో హర్డిల్ ఉంది, కాలు ఉండాల్సిన చోట పొగ ఉంది.

"బాగానే ఉందిగా, స్పీడు కనపడుతోంది" అన్నాడు బావ.

నేను నా లెన్స్ తగిలించాను. బరువుకి భుజం పడిపోతుంది కానీ వెలుతుర్ని బాగా లోపలికి రానిస్తుంది. తక్కువ వెలుతురు కూడా పట్టేలా ఐఎస్ఓ పెంచి, షట్టర్ పదహారు వందలో వంతుకి తెచ్చి, చివరి హర్డిల్‌కి ఎదురుగా నేలమీద బోర్లా పడుకున్నాను.

"అంత ఐఎస్ఓ పెడితే ఫొటో గింజలు గింజలుగా వస్తుందిరా!"

"గింజలైతే ఏరుకోవచ్చు బావా. కాలు చెదిరితే ఏం ఏరుకుంటాం?"

పిల్ల పరిగెత్తింది. పక్కనే అక్క కూడా పరిగెత్తింది. "మోకాలు ఎత్తవే! బద్ధకం, ఒట్టి బద్ధకం!" అని అరుస్తూ సరిగ్గా నా లెన్స్‌కి అడ్డం వచ్చింది. వీళ్ళకో దణ్ణం పెట్టి ఇంటికి పోదామనిపించింది. అక్కని బతిమాలి బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్లని మళ్ళీ పరిగెత్తించాను.

ఈసారి దొరికింది. బూటు లేసు దగ్గర్నుంచి గాల్లో లేచిన జుట్టు దాకా చెక్కినట్టుంది. ముగ్గురూ కెమెరా మీదికి వంగారు.

"కళ్ళు మూసుకున్నప్పుడే తియ్యాలా? ఆ మాత్రం చూసుకోవద్దూ!" అంది అక్క.

"అంత లెన్సూ పెట్టి ఇదా?" అన్నాడు బావ.

ఒళ్ళు మండి, దాని ముందు ఫొటో చూపించాను. కళ్ళు మూసే ఉన్నాయి. దాని ముందుదీ అంతే. హర్డిల్ దగ్గరికి రాకముందే కనురెప్పలు బిగించేసింది. అన్నీ అలాగే ఉన్నాయి.

"మామయ్య తప్పు కాదమ్మా" అంది పిల్ల, నేల చూపులు చూస్తూ. "పోయినేడు చివరి హర్డిల్ దగ్గర పడి చెయ్యి విరిగినప్పటి నుంచి అంతే. అది దగ్గరికొస్తే చూడలేను. గుడ్డిగా దూకుతున్నాను."

అక్క పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఒక్కతే చీకట్లోకి దూకుతోంది, మేమందరం కాలు చూస్తున్నాం.

"కళ్ళు కనపడకుండా వేరేది తీసి కోచ్‌కి పంపుదాంలే" అన్నాను.

"వద్దు మామయ్యా, ఇదే పంపు. పేరు తీసేస్తే తీసెయ్యనీ. నా నోటితో నేను ఆయనకి చెప్పలేకపోతున్నాను."