ఇస్త్రీ బాబాయి ఏలిన గంట

కుట్టుదుకాణం కొత్త హాల్లోకి మారింది. పాతదానికంటే పెద్దదే, కానీ కిటికీ ఒక్కటే. దాని పక్కన ఎవరుండాలన్న దగ్గర పేచీ మొదలై, నాలుగు రోజులైనా మూటలు విప్పలేదు. గుడ్డ కత్తిరించే మాస్టారు తన బల్ల అక్కడే వేయాలని భీష్మించుకున్నాడు. కాజాలు కుట్టే అక్క తన పీటని మసక మూలకి జరుపుకుంది. ఇస్త్రీ బాబాయి తనకు ఏ మూలైనా ఒకటేనని నిట్టూర్చాడు.

యజమానురాలు తల పట్టుకుని చెల్లెలి కూతుర్ని పిలిపించింది. జనాన్ని కూర్చోబెట్టి, ఒకరి వేషం మరొకరికి కట్టించి, అంతా కలిసి ఒక మాట మీదికి వచ్చేలా చేయడం ఆ అమ్మాయి ఉద్యోగం. చీటీలు తీయించింది. చీటీలో ఎవరొస్తే గంటసేపు వాళ్లలాగే పని చేయాలి, వాళ్లలాగే మాట్లాడాలి. తను చప్పట్లు కొట్టేదాకా ఆట ఆగదంది. ఆ గంటకి కావలసిన సామాను మాత్రం మూటల్లోంచి తీయించింది.

మాస్టారికి కాజాలు వచ్చాయి. అక్కకి కత్తెర, యజమానురాలికి ఇస్త్రీపెట్టె. బాబాయికి యజమాని కుర్చీ.

బాబాయి యజమానురాలి కళ్లజోడు అడిగి మరీ తీసుకుని ముక్కు చివర పెట్టుకున్నాడు. హాలంతా ఓ చుట్టు తిరిగి, మూలన చెమటలు కక్కుతున్న ఆవిడ దగ్గర ఆగాడు.

"మాటలు తగ్గించి చేతులు ఆడించమ్మా," అన్నాడు.

రోజూ ఆవిడ అనే మాటే అది. అందరూ గుడ్డల్లో మొహాలు దాచుకున్నారు.

మసక వెలుతురులో మాస్టారు సూదిలో దారం ఎక్కించబోయి పదకొండుసార్లు తప్పాడు. పన్నెండోసారి వేలికి గుచ్చుకున్నాడు. కత్తెర పట్టిన అక్కేమో, ట్యూబ్‌లైట్ కింద గీతలు శుభ్రంగా కనిపిస్తున్నాయని అచ్చం ఆయన గొంతుతోనే ప్రకటించింది.

"కిటికీ నాకే కావాలి," అని గొణిగాడు మాస్టారు. "అంటే, కాజాలు కుట్టే నాకు."

ఇస్త్రీబల్లని వెనక తలుపు దగ్గరికి జరపకపోతే ఆవిరికి ఉడికిపోతానని యజమానురాలు మొరపెట్టుకుంది.

"రెండూ మంజూరు," అన్నాడు బాబాయి. "ఇకనుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం అందరికీ సెలవు."

"అదెలా కుదురుతుంది?"

"ఇస్త్రీ చేసేవాళ్లకి ఎందుకమ్మా ఆ సంగతి?"

ఆవిడ చెల్లెలి కూతురి వైపు చూసింది. ఆ అమ్మాయి గడియారం చూసుకుంది తప్ప చప్పట్లు కొట్టలేదు.

ఆట అయ్యాక ఆవిడ కళ్లజోడు లాక్కుంది. బేరం చాలాసేపే నడిచి, నెలకి రెండు శనివారాల దగ్గర తెగింది. ఆ సాయంత్రమే మిగతా మూటలన్నీ విప్పారు.

వెళ్లేముందు బాబాయి, తను అనుకున్నది నెలకి ఒక్క శనివారమేనని అమ్మాయి చెవిలో చెప్పాడు.