కోళ్లగూటి కొయ్య

కొత్తగా పెళ్లయినవాళ్లు పరుపులూ గిన్నెలూ వెతుక్కుంటారు. నా మొగుడు ఏలిస్, నేనూ ఈ వేసవంతా ఒక చెక్క కోసం తిరిగాం. తాతయ్య నాకు వదిలివెళ్లిన యుద్ధకాలపు రైఫిల్‌కి గొట్టాన్ని పట్టి ఉంచే చెక్క, అదే కొయ్య, పిడి దగ్గర విరిగింది. మా ఊళ్లో తుపాకులు కాల్చే రేంజిని ఈ ఏడాదితో మూసేస్తున్నారు. అక్కడి ఆఖరి పాత రైఫిళ్ల పోటీలో తాతయ్య తుపాకీ పేలి తీరాలని నా పట్టు. అసలు రకం కొయ్య లేకపోతే పోటీకి రానివ్వరు.

దొరికితేగా! కుయోపియో పట్నంలో దుకాణదారు అంటగట్టింది రష్యా కొయ్య. మా ఫిన్లండ్ గొట్టం లావు, అందులో కూర్చోదు. ఇంకొకాయన ఫొటోలో ముచ్చటగా చూపించిన దాని ముందు భాగం ఏ వేటగాడో ముందే కోసేశాడు. మూడోచోట కొయ్య బాగుంది, అమ్మే మనిషే మనసు మార్చుకున్నాడు. తిరుగుదారిలో ప్రతిసారీ ఏలిస్ పెట్రోలు బంకులో ఒక దాల్చినచెక్క బన్ను కొని సగం తుంచి ఇచ్చేవాడు. అంత చిరాకులోనూ ఏ సగం పెద్దదా అని చూసేదాన్ని. ఎప్పుడూ నాదే పెద్దది.

చివరికి మా ఊళ్లోనే హిల్యా అవ్వ ఇంట్లో, కోళ్లగూటి తలుపుకి ఊతంగా కనబడింది. బర్చ్ చెట్టు చెక్క. ముందు ముక్కనీ వెనక ముక్కనీ వేళ్లలో వేళ్లు దూర్చినట్టు అతికిన మా సైన్యపు పని.

"నువ్వు పట్టుకుపోతే నా తలుపెవరు పట్టుకుంటారే?" అంది అవ్వ. ఏలిస్ మధ్యాహ్నమంతా కూర్చుని ఆ తలుపుకి కొత్త గడియ బిగించాడు.

కొయ్య నిండా ఏళ్లనాటి గ్రీజు. దాన్ని కక్కించడానికి మా వైపు అందరూ చేసేదే మేమూ చేశాం. సౌనాలో, అంటే ఆవిరిస్నానపు గదిలో, పై బల్ల మీద పెట్టి, పొయ్యి కాస్త వెచ్చగా ఉంచి, కారిన జిడ్డు తుడుస్తుండాలి. పొయ్యి మీది రాళ్లపై నీళ్లు మాత్రం పోయకూడదు, ఆవిరికి చెక్క వంగిపోతుంది. మధ్యలో ఇద్దరం సరస్సులో ఈతకి వెళ్లాం. కొత్త దంపతులం కదా, తిరిగి రావడం ఆలస్యమైంది.

శనివారమన్న సంగతే మర్చిపోయాం. శనివారం మామయ్య, ఏలిస్ వాళ్ల నాన్న, సౌనాకి వస్తాడు. మేం వచ్చేసరికి పొయ్యి నిండా కట్టెలు దట్టించి, రాళ్ల మీద చెంబులకి చెంబులు కుమ్మరించి, ఆవిర్లో ఎర్రగా కూర్చుని ఉన్నాడు. పక్కన మా కొయ్య.

"వీపు గోక్కునే కర్రనుకున్నా" అన్నాడు.

అతుకు ఊడిపోయింది. ముందు ముక్క విల్లులా వంగింది. మామయ్య మీద అరవలేను. ఏలిస్ మీద అరవబోతే వాడి మొహం చూసి నవ్వొస్తోంది. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఏడుస్తుంటేనే తట్టింది. తాతయ్య కొయ్య విరిగింది వెనక, దాని ముందు ముక్కకి ఏమీ కాలేదు. మామయ్యే దానికీ ఆవిరి పట్టి అతుకు ఊడదీశాడు. తీరా దాన్ని అవ్వ కొయ్య వెనక ముక్కకి కలిపి చూస్తే అతుకు పళ్ల మధ్య సందు. ఏ పనివాడి అతుకు ఆ పనివాడిదే మరి. అరగదీసి, జిగురు పూసి, తాడుతో బిగించి కట్టాం. పోటీ పొద్దుటికి జిగురు ఇంకా ఆరలేదు.

రేంజి పెద్ద తౌనో ఆ తాడుని వేలితో మీటాడు. "ఇది కాల్చేదా, వాయించేదా?" అని అడిగి వద్దన్నాడు. బతిమాలాను, కదల్లేదు. ఊరంతా కాలుస్తుంటే నేను పళ్లు కొరుక్కుంటూ కాఫీలు పోశాను.

సాయంత్రానికి బహుమతులిచ్చేసి, గురి బోర్డులు విప్పుతున్నారు. ఆఖరిదాన్ని విప్పకుండా వదిలేసి తౌనో నా దగ్గరికొచ్చాడు.

"పోటీ అయిపోయింది, రూల్సూ అయిపోయాయి. తాడు విప్పమ్మా, చూద్దాం."

విప్పాను. అతుకు నిలిచింది. కొయ్యని అటూ ఇటూ ఊపి చూసి, ఒక్క తూటా నా చేతిలో పెట్టాడు. అతను బోర్డుల దగ్గరున్న అందర్నీ వెనక్కి రమ్మన్నాక, నేను పడుకుని గురి పెట్టాను. చెంపకి ఆనిన చెక్కలో బర్చ్ పొగ, గ్రీజు, మామయ్య శనివారం, అన్నీ కలిసిన వాసన. రైఫిల్ భుజాన్ని గట్టిగా తన్నింది.

బోర్డు ఎడమ మూల, గీతలన్నిటికీ బయట, ఒక చిల్లు.

"కోళ్లగూటి తలుపైతే తగిలేది" అన్నాడు ఏలిస్, బన్ను తుంచుతూ.

పెద్ద సగం లాక్కున్నాను. చిరాకు మాత్రం ఇంకా తీరలేదు.