మన్నూబియా బేరం చెయ్యని రోజు

ఊరినేలే ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయిన బడిపంతుళ్లను వదిలేదాకా అమ్మకాలు, కొనుగోళ్లు ఉండవని మహ్దియా ఊళ్లో రేవు వీధి ఒట్టేసుకుంది. తెల్లారేసరికి పోలీసు అధికారి బ్రెసాక్ దండోరా వేయించాడు: కొట్టు తెరవనివాళ్లకు జైలు.

బంబలూనీలనే తీపి గారెలు వేయించి అమ్మే మన్నూబియా తలుపులు బార్లా తెరిచి, పొయ్యి రాజేసింది. పక్క కొట్లో చెప్పులు కుట్టే హమ్మూదా, మూసిన తన తలుపు ముందు నిలబడి నోరు వెళ్లబెట్టాడు.

"నువ్వూనా పిన్నీ? జైలంటే అంత భయమా?"

"భయమేరా. ముందిది తిను." పంచదారలో పొర్లించిన వేడి బంబలూనీ వాడి చేతిలో పెట్టింది. వాడు అలవాటుకొద్దీ జేబు తడుముకున్నాడు. "డబ్బు తీశావో, ఈ జల్లిగరిటెతో వాయిస్తా. ఇవాళ నేను అమ్మడంలేదు, పెడుతున్నాను."

హమ్మూదాకు అర్థమవడానికి క్షణం పట్టింది. పడీపడీ నవ్వి, తన కొట్టూ తెరిచి, తెగిన చెప్పులు ఊరికే కుడతానని కేకేశాడు. మంగలి కుర్చీ బయటికి లాగాడు. బ్రెసాక్ వచ్చేసరికి కొట్లన్నీ తెరిచే ఉన్నాయి. చిల్లర చప్పుడు మాత్రం ఎక్కడా లేదు.

అతను మన్నూబియా బల్లమీదికి ఒక నాణెం విసిరాడు. "ఒకటివ్వు."

ఆవిడ బంబలూనీ ఇచ్చి, నాణేన్ని గరిటె కొసతో వెనక్కి తోసింది.

"తీసుకో!"

"వద్దు దొరా. గుమ్మంలోకి వచ్చినవాళ్ల దగ్గర ఇవాళ పుచ్చుకోను."

"తీసుకోకపోతే లోపలేస్తాను."

"తెరవమన్నారు, తెరిచాను. తిండి పెట్టినందుకు వేస్తారా? వేడిమీద తినండి, చల్లారితే సాగుతుంది."

వెనకనెవరో కిసుక్కుమన్నారు. బ్రెసాక్ చెవులు కందిపోయాయి. నాణేన్ని మళ్లీ తోశాడు. మన్నూబియా ఒంటికి చుట్టుకున్న తెల్లదుప్పటిని బిగించుకుంది. తలుపు వేసిన గదిలో ఆవిడకు ఊపిరాడదు, చిన్నప్పటినుంచీ అంతే. తీసుకుంటే అయిపోతుంది కదా అనిపించింది కూడా. అయినా చెయ్యి కదల్లేదు.

ప్రభుత్వ నాణేన్ని అవమానించిందని పట్టుకుపోయారు.

జైలు గదిలో అప్పటికే నలుగురు ఆడవాళ్లున్నారు. తలుపు మూసుకోగానే మన్నూబియా గోడకు ఆనుకుని రొప్పుతూ కూర్చుంది. ఒక ముసలావిడ దగ్గరికి జరిగి వీపు నిమిరింది.

"ఏం చేశావమ్మా? దొంగతనమా?"

"కాదు. దొర డబ్బిస్తే పుచ్చుకోలేదు."

"ఇస్తే?"

"ఇస్తేనే."

ముసలావిడ మొదలుపెట్టిన నవ్వు అందరికీ అంటుకుంది. కాపలావాడు తలుపు బాదినకొద్దీ ఎక్కువైంది. ఆ నవ్వులో మన్నూబియాకు ఊపిరి దొరికింది.

పంతుళ్లను వదిలాకే ఆవిడనూ వదిలారు. బయటికొస్తూ వెనక్కి తిరిగి, "వీళ్లకు సరిగ్గా అన్నం పెట్టండి, డబ్బేం పుచ్చుకోకండి," అని కాపలావాడికి గట్టిగా చెప్పి మరీ వచ్చింది.