అమ్మవారి పాత జాగ

ఆ ఆదివారం పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. నాగోల్ వైపు మబ్బు కమ్మింది, పెద్ద అంబర్‌పేట్ వైపు ఎండ కాసింది. గాలి లేదు. ఎల్బీ నగర్ గల్లీల్లో బోనాల డప్పు మొదలైంది.

అంబిక లాప్‌టాప్ మూసింది, మళ్లీ తెరిచింది. యూనివర్సిటీలో ఆమె చదివేది జీఐఎస్, కంప్యూటర్‌లో పటాలు గీసి నేల సంగతి తేల్చే చదువు. ప్రాజెక్టుకు తమ కాలనీ కింద పూడిపోయిన కుంటనే తీసుకుంది. పాత ఊరి నక్షను ఉపగ్రహ చిత్రం మీద పరచాలి. అప్పుడూ ఇప్పుడూ ఉన్న చోట్లు వెతికి పిన్నులు గుచ్చాలి. అవి సరిగ్గా పడితే కుంట ఒడ్డు తేలుతుంది.

గుట్ట దొరికింది, బాటలు కలిసే చోటు దొరికింది, కట్ట మైసమ్మ గుడి దొరికింది. పాత మోటబావి ఒక్కటే మొండికేసింది. దాన్ని కలిపితే పటం మెలి తిరుగుతోంది. దాంతో నిన్న ఆ పిన్ను పీకేసింది. కుంట గీత తమ ఇంటిని వదిలి, అవతల బావిగడ్డ మీది నాన్న దోస్తు మైసయ్య ఇంటిని మింగింది.

కుంటల్లో కట్టిన ఇళ్లను కూల్చేందుకు సర్కారు సర్వే చేస్తోందని తెలిసినప్పటి నుంచి తండ్రి దశరథకు నిద్ర లేదు. ఈ పటం రేపు యూనివర్సిటీ నుంచి ఆ సర్వేకే పోతుంది. నిన్న సాయంత్రం గీతను చూసి ఆయన గల్లీ అంతా చెప్పి వచ్చాడు.

"మా బిడ్డ కంప్యూటర్‌ల ఏసి చూసింది. మనం కుంట బయటనే ఉన్నం."

ఆ మాట మైసయ్య కూడా విన్నాడు. ఈ రోజు ఆయన ఇంటి నుంచి బోనం రాలేదు.

తల్లి సత్తెమ్మ బోనం ఎత్తుకుని నడుస్తోంది. అంబిక చేతిలో సాక చెంబు, అందులో పసుపు నీళ్లు, వేపాకు. ఫ్లైఓవర్ కింద ఒక పిల్లర్ దగ్గర సత్తెమ్మ ఆగింది.

"పొయ్యే."

ఏటా ఇక్కడ సాక పోసేది అంబికే. ఈసారి చెయ్యి ఆగిపోయింది.

"ఈడెందుకు పోస్తమమ్మా?"

"కొత్తగ అడుగుతున్నవేందే? అమ్మ మొదలు ఈడనే ఉండె గద. బ్రిడ్జి కట్టేటప్పుడు గా మూలకు జరిపిన్రు. పాత జాగకు మొక్కినంకనే గుడికి పోవాలె."

"నడువుండ్రి, ఎనక అందరు ఆగిన్రు," అన్నాడు దశరథ. కూతురి వైపు చూడలేదు.

గుడిలో దండం పెట్టి వచ్చి, అంబిక లాప్‌టాప్ తీసుకుని మెట్రో ఎక్కింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉండే సుమలత ఆమె క్లాస్‌మేట్, భీమవరం పిల్ల.

"పండగపూట ఇంట్లో మటన్ మానేసి మా హాస్టల్ సాంబారుకి వచ్చావా? నీకేమైనా పిచ్చా?"

"మా మైసమ్మ గుడిని జరిపిన్రంటనే," అంటూ అంబిక లాప్‌టాప్ తెరిచింది. గుడి పిన్నును పిల్లర్ కిందికి లాగింది. పీకేసిన బావి పిన్నును మళ్లీ గుచ్చింది. ఈసారి బావి కిమ్మనకుండా కూర్చుంది. మైసయ్య ఇల్లు ఒడ్డున పడింది. గీత ఇటు జరిగి, అంబిక వాళ్ల గేటు దాటి, వంటింటి మీదుగా పోయింది.

"మీ మైసమ్మ భలే ఆవిడే. తను ఖాళీ చేసి, మీకు నోటీసు ఇచ్చింది," అంది సుమలత. అంబిక నవ్వకపోయేసరికి గొంతు తగ్గించింది. "పాత పటమే పంపెయ్యవే. గుడి మీద పిన్ను పెట్టావు. అది గుడే కదా?"

"మరి బావి?"

"పూడిపోయిందని చెప్పు."

"పూడింది గని జరగలే గద."

ఇంటికి వచ్చేసరికి దశరథ గేటు దగ్గరే ఉన్నాడు. కూర్చున్నవాడు లేచాడు.

"బాపూ, అమ్మవారిని జరిపిన్రంట."

"ఎరుకే. నా నెత్తి మీదనే తెచ్చిన."

"మరి నిన్న చెప్పలేదేంది?"

"నువ్వడగలే."

ఆయన రోడ్డు దాకా పోయి తిరిగొచ్చాడు. మళ్లీ పోయాడు.

"గల్లీ అంత చెప్పుకున్న. గిప్పుడు ఏం మొఖం పెట్టుకోని తిరగాలె?"

"మైసయ్య పొద్దటి సంది తలుపు తియ్యలే," అంది లోపలి నుంచి సత్తెమ్మ.

దశరథ చాలాసేపు గేటు గొళ్లెం తీస్తూ వేస్తూ ఉండిపోయాడు.

"గీత మనింట్ల ఏడికెళ్లి పోతది?"

అంబిక వంటింట్లోకి నడిచి, నల్లా నుంచి గడప దాకా వేలితో చూపించింది. ఆయన ఆ బండల వైపు కొత్త చోటును చూసినట్టు చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"మైసయ్యా, బువ్వకు రా. గా మొఖం తర్వాత మాడ్చుకుందువు గని, రా జర."

మైసయ్య వచ్చేలోపు అంబిక సరిదిద్దిన పటం పంపించింది.

మైసయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీ ఇల్లు బయటనే ఉందిరా. మాదే లోపట," అన్నాడు దశరథ.

మైసయ్య చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. దశరథ పీటలు తెచ్చి వంటింట్లోనే, నల్లాకూ గడపకూ నడుమ వేశాడు. సత్తెమ్మ ముందు బోనం అన్నం, తర్వాత మటన్ వడ్డించింది. మైసయ్య అన్నాన్ని కలుపుతూనే ఉన్నాడు. దశరథ తన కంచంలోని నల్లి బొక్క తీసి ఆయన కంచంలో పెట్టాడు. బయట డప్పు దగ్గరికి వచ్చి, దాటిపోయింది. నలుగురూ తల వంచుకుని తిన్నారు.