అందరూ తప్పిపోయిన ఆదివారం

మిషను పిన్ని నోట్లోంచి "కాదు" అనే మాట చచ్చినా రాదు. కుట్టుమిషను ముందు పాతికేళ్ళుగా కూర్చుని అందరికీ గౌన్లూ చొక్కాలూ కుడుతూ తెచ్చుకున్న జబ్బది. ఎవరొచ్చి "శనివారానికల్లా కావాలి" అన్నా, "అలాగేలే, వచ్చి పట్టుకెళ్ళు" అనేస్తుంది. తీరా శనివారం గుమ్మంలో ఏడుగురు నిలబడి ఉంటే ఒక్క చొక్కాకి మాత్రమే గుండీలు పడి ఉంటాయి. వాళ్ళు తిట్టుకుంటారు, గొణుక్కుంటారు, మళ్ళీ బట్ట తీసుకుని ఆమె దగ్గరికే వస్తారు. ఆ చేతి కుట్టు అలాంటిది మరి.

అలాంటి మనిషికి చర్చిలో సండేస్కూలు అప్పజెప్పారు. అంతకుముందున్న టీచరమ్మ కాన్పు దగ్గరపడి మానేస్తే, పాస్టరుగారు "పిల్లలకి నువ్వంటే ఇష్టం కదమ్మా, కాస్త చూడు" అన్నారు. ఈమెకి "కాదు" రాదాయె. చదువా, అంతంత మాత్రం. అక్షరం అక్షరం కూడబలుక్కుని ఒక పేజీ దాటేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని శుక్రవారం సాయంత్రాలు ఈమె గుండీలు కుడుతుంటే, మొగుడి అక్క పక్కన కూర్చుని ఆ వారం కథ చదివి వినిపించేది. ఆ ఆడపడుచు వయసులో పెద్దది, నోరు ఇంకా పెద్దది.

చదివి చెప్పడం రాదు కాబట్టి పిన్ని పిల్లలచేత కథ చేయించింది. నోవహు వారం బెంచీలన్నీ కలిపి ఓడ కట్టించి జంటలు జంటలుగా ఎక్కించింది. యెరికో కోట వారం అట్టపెట్టెలతో గోడ పేర్పించి, చుట్టూ ఏడుసార్లు తిప్పి, అరిపించి కూలగొట్టించింది. యేసు శిష్యుల పాదాలు కడిగిన కథకి బేసినూ తువ్వాళ్ళూ తెచ్చి ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళచేత కడిగించింది. ఆ రోజు బొంగరం అనే పిల్లాడు మేజోళ్ళు విప్పేసరికి ఆ వాసనకి సగం మంది శిష్యులు వరండాలోకి పరుగు తీశారు. క్షణం ఒకచోట నిలవడు కాబట్టి వాడికా పేరు.

ఇదంతా లెక్కల మేస్టారికి సుతరామూ నచ్చలేదు. ఆయన బడిలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దమనిషి, సంఘపెద్ద. మోకాళ్ళ నొప్పి ఎంతో, పట్టుదలా అంతే. యెరికో కూలిన రోజున ఆయన మెట్లు దిగి వచ్చారు.

"పైన అయ్యగారు ప్రసంగం చెబుతుంటే కింద గోడలు కూలుతాయా అమ్మా?"

"యెరికో కదండీ మేస్టారూ, కూలాలి మరి."

"నవ్వులాట కాదు. వీళ్ళల్లో ఒక్కడికైనా ఒక్క వాక్యం కంఠతా వచ్చా? పై నెల మొదటి ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని నేనే వచ్చి కూర్చుంటాను. వీళ్ళేం నేర్చుకున్నారో చూస్తాను. ఏమీ లేదంటే ఈ క్లాసు ఎత్తేసి, అందర్నీ పైన పెద్ద పిల్లలతో కలిపేస్తాను. నేనే వల్లె వేయిస్తాను."

క్లాసు పోతుందని పిన్నికి బెంగ పట్టుకుంది. వారమంతా మిషను తొక్కేది ఆ ఒక్క గంట కోసమే అన్నట్టుండేది ఆమెకి. అంతకంటే గుసగుసమ్మ గురించి బెంగ. ఆరేళ్ళ పిల్ల. మాట్లాడితే నోటి దగ్గర చెవి పెడితే తప్ప వినబడదు. పెద్ద హాల్లో నలభైమంది ఒక్క గొంతుతో వల్లెవేస్తుంటే ఆ పిల్ల ఉందో లేదో ఎవరు చూస్తారు?

మేస్టారు రావాల్సిన వారానికి తప్పిపోయిన గొర్రె కథ వచ్చింది. ముందు ఆదివారమే పిన్ని పిల్లలకి ఆట చెప్పింది.

"నేను కాపరిని. మీరు మంద. ఒక గొర్రె తప్పిపోతుంది. పిలిస్తే రాదు. దారి తెలిసి వచ్చేదైతే తప్పిపోవడమెందుకు? కాపరే వెతుక్కుంటూ పోవాలి. గొర్రె ఉన్నచోటునే ఉండి 'మే' అంటుంది, అంతే. దొరికాక కాపరి భుజాల మీద ఎక్కించుకుని తెస్తాడు."

భుజాలనేసరికి పదకొండు చేతులూ లేచాయి. "నేను తప్పిపోతా పిన్నీ!" "కాదు, నేను!"

"తరవాత చెబుతాలే," అంది పిన్ని. అక్కడే దెబ్బతింది.

సోమవారం బొంగరం చిరిగిన లాగు పట్టుకొచ్చి, "గొర్రె నేనే కదా?" అన్నాడు. "నువ్వేలే నాయనా." బుధవారం కుళాయి దగ్గర కవలలిద్దరూ చెరో చెయ్యీ పట్టుకున్నారు. "మీరేనర్రా." శనివారం గుసగుసమ్మ గౌను కొలతకి వచ్చి, మిషను మీదుగా వంగి చెవిలో ఏదో ఊదింది. పిన్ని ఆ పిల్ల బుగ్గ నిమిరి, "నువ్వే తల్లీ, నువ్వు కాకపోతే ఎవరు?" అంది.

ఆడపడుచు కళ్ళజోడు కిందకి జార్చి చూసింది. "ఏమే, ఈ మాట ఎంతమందికి ఇచ్చావు?"

"రేపు చూసుకుందాంలే వదినా."

"చొక్కాలకి చెప్పే రేపే పిల్లలకీ చెబుతున్నావా? నీ గుమ్మంలో ఏడుగురే నిలబడతారు. రేపు పదకొండుమందీ నీ మీదకొస్తారు చూడు!"

ఆదివారం వచ్చింది. పిన్ని తెల్లగుడ్డతో కుట్టిన చెవుల టోపీలు పిల్లలందరికీ తొడిగి, బెంచీలు గుండ్రంగా పెట్టి దొడ్డి చేసి, మేస్టారికి కుర్చీ తెద్దామని పక్క గదికి వెళ్ళింది. వెళ్ళి రావడం ఎంతసేపు? కుర్చీ పట్టుకుని వచ్చేసరికి మేస్టారు తలుపు బార్లా గోడవైపుకి తోసి లోపల నిలబడి ఉన్నారు. ఆమె తలుపుకి ఆనించి కుర్చీ వేసింది. ఆయన కూర్చుని నోటుపుస్తకం తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, గది నలుమూలలా చూశారు.

"పిల్లలేరమ్మా?"

దొడ్డిలో ఒక్క గొర్రె లేదు. అప్పుడే ఎక్కడో "మే" అని వినబడింది. బీరువాలోంచి ఇంకొకటి. మెట్ల కిందనుంచి రెండు. గదంతా ఒక్కసారిగా గొర్రెల సంతయిపోయింది.

"మేస్టారూ," అంది పిన్ని, "తప్పు నాదే. తప్పిపోయే గొర్రె నువ్వేనని అందరికీ మాటిచ్చేశాను."

"అందరికీనా! మరి మందలో ఉండేదెవరు?"

"ఎవరూ లేరండీ."

"పిలు. బయటికి రమ్మను."

"పిలిస్తే రారండీ. నేనే అలా నేర్పాను. వెతకాలి."

మేస్టారు ముఖం మాడ్చుకుని పుస్తకం మూశారు. అయినా పైన ఆరాధన అయిపోతే తల్లిదండ్రులు దిగి వస్తారు కదా. మోకాళ్ళు పట్టుకుని లేచారు.

పాటబృందం అంగీల బీరువాలో కవలలు దొరికారు. మెట్ల కింద చీపుళ్ళ వెనక ఇద్దరు. యెరికో అట్టపెట్టెల్లో ఒకడు ముడుచుకుపోయి ఉన్నాడు, మేస్టారే మూత తీసి, "ఇదిగో ఇక్కడున్నాడు!" అని తనకి తెలియకుండానే కేకేశారు. పాత తెర వెనక బొంగరం ఎలాగూ నిలవలేక గంతులేస్తున్నాడు. దొరికినవాళ్ళు దొరకనివాళ్ళ కోసం పరిగెత్తారు. బల్లల కిందా, కుర్చీల గుట్టల మధ్యా అందరూ పాకారు. మేస్టారి పంచె నిండా దుమ్ము.

"పది," అని లెక్కపెట్టారు ఆయన. మళ్ళీ లెక్కపెట్టారు. "పదే."

పిన్ని ముఖాలన్నీ చూసింది. "గుసగుసమ్మ లేదండీ." వరండాలో చూసింది, వీధి గేటు వరకూ పోయి వచ్చింది. లేదు.

పైన ఆఖరి పాట ఎత్తుకున్నారు.

"తాతగారూ, పదిమందిమున్నాంగా, కథ మొదలెట్టేద్దాం," అన్నాడు బొంగరం.

"పదిమందుంటే సరిపోతుందట్రా?" మేస్టారు కసిరారు. "పదకొండో పిల్ల ఎక్కడో ఉంటే మనమిక్కడ కూర్చుని కథ చెప్పుకుంటామా? ఆ పిల్ల దొరికేదాకా ఎవరూ కూర్చోవడానికి వీల్లేదు!"

అనేసి, తలెత్తి చూశారు. పిన్ని ఆయన వంకే చూస్తోంది. ఆయన దగ్గి, చెయ్యెత్తారు. "అందరూ నోళ్ళు ముయ్యండి. మనమింత గోల చేస్తుంటే ఆ పిల్ల గొంతు ఎలా వినబడుతుంది?"

పదిమందీ నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. మేస్టారు చెవికి అరచెయ్యి ఆనించుకుని గదంతా ఒక్కో అడుగే వేశారు. తన కుర్చీ దగ్గరికొచ్చి నిలబడిపోయారు.

"మే."

ఊపిరంత చప్పుడు. ఆయన కుర్చీ ఈడ్చి, తలుపు తన వైపుకి లాగారు. గోడకీ తలుపుకీ మధ్య, టోపీ చెవులు పక్కకి ఒరిగిపోయి, చెమటతో తడిసి, గుసగుసమ్మ నిలబడి ఉంది.

పిన్ని ఒక్క ఉదుటున వెళ్ళి ముఖం తుడిచింది. "ఎప్పట్నుంచి అరుస్తున్నావే నా తల్లీ?"

"మొదట్నుంచీ," అంది ఆ పిల్ల. అందరికీ వినబడింది.

అని, రెండు చేతులూ చాచింది. పిన్ని వైపు కాదు, మేస్టారి వైపు. కనిపెట్టింది ఆయన కదా. భుజాల బాకీ ఆయనదే.

"నా మోకాళ్ళు..." అంటూనే ఆయన కుర్చీలో చతికిలబడ్డారు. పిన్ని పిల్లని ఎత్తి ఆయన భుజాల మీద కూర్చోబెట్టింది. లేవలేరు, నడవలేరు, కానీ కాపరే. మెట్లు దిగి వచ్చిన తల్లిదండ్రులు గుమ్మంలోనే నోళ్ళు వెళ్ళబెట్టారు. దుమ్ము పంచె, నెత్తి మీద చెవుల టోపీ పిల్ల, చేతిలో నోటుపుస్తకం. అందులో ఆయన వంకరటింకరగా రాస్తున్నారు: "తప్పిపోయినవారు పదకొండు. దొరికినవారు పదకొండు."

పిల్లలందరూ వెళ్ళాక ఆయన పంచె దులుపుకుంటూ అన్నారు, "వాక్యాలు కూడా రావాలమ్మా. అవి నేను చెబుతాను, ఇక్కడికే వచ్చి. ఆటలు నువ్వు ఆడించు."

పిన్ని కళ్ళు తుడుచుకుంది. "అంతకంటేనా మేస్టారూ."

ఆయన గుమ్మం దాకా వెళ్ళి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశారు. "వచ్చే వారం ఏ కథ?"

"దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషీ, ఆయన్ని కాపాడిన సమరయుడూ అండీ."

"ఆ దెబ్బలు తిన్నవాడు పడుకునే ఉంటాడు కదూ? మోకాళ్ళకి ఇబ్బంది ఉండదు." ఆయన గొంతు తగ్గింది. "ఆ వేషం నాకిస్తావా?"

"అలాగేలెండి, మీకే," అనేసింది పిన్ని.

అనేసి, నాలుక్కరుచుకుంది. అప్పటికి అయిదు నిమిషాల క్రితమే, టోపీ తిరిగిచ్చేటప్పుడు బొంగరానికి, మెట్ల దగ్గర కవలలకీ అదే వేషం ఇచ్చేసింది.