ఏ తెర తెలుపు?

ఫోటో స్టూడియోల నుంచి వచ్చే బొమ్మలకు కంప్యూటర్‌లో రంగులు దిద్దడం ఆమె పని. మచ్చలు చెరిపేది, నీడలు తగ్గించేది, అలసిన ముఖాలకు కాస్త కళ తెచ్చేది. ఏళ్ళ తరబడి ఇంట్లోనే, కిటికీకి వీపు పెట్టి కూర్చుని చేస్తోంది. ఈమధ్య మాత్రం మాట పడాల్సి వస్తోంది.

"మేడమ్, మీరు పంపిన ముఖాలన్నీ నీలంగా ఉంటున్నాయి. అందరూ చలికి బిగుసుకుపోయినట్టున్నారు" అన్నాడు స్టూడియో యజమాని.

తప్పు పాత ల్యాప్‌టాప్‌దేనని తేల్చేసుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కొత్తది కొనడానికి బయల్దేరింది. తమ్ముడు స్కూలు వ్యాను నడుపుతాడు. కంప్యూటర్ల గురించి అతనికి తెలిసింది గుండుసున్నా.

షాపులో పొడవాటి బల్ల మీద ల్యాప్‌టాప్‌లన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. "ర్యామ్ ఎంత కావాలి మేడమ్? గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండాలా? స్క్రీన్ మెరిసేదా, మెరవనిదా?" అని సేల్స్ అమ్మాయి గుక్కతిప్పుకోకుండా అడిగింది.

"ముందు తెలుపు తెల్లగా కనబడేది చూపించమ్మా."

పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోటో తెచ్చుకుంది. తెల్ల దుప్పటి మీద బోర్లాపడిన పసిపాప. మొదటి ల్యాప్‌టాప్‌లో ఆ దుప్పటి మీగడ రంగులో కనబడింది. రెండోదానిలో పాత కాగితంలా ఉంది. మూడోది నయమనుకుంది. మళ్ళీ మొదటిదాని దగ్గరికి వస్తే అదే నయమనిపించింది.

"ఇదేంట్రా, అన్నీ పసుపుగానే ఉన్నాయి?"

"తెల్లగానే ఉందికదక్కా."

"నీకు రంగులేం తెలుసులే."

సేల్స్ అమ్మాయి సెట్టింగులు మార్చింది. షాపులో ఒక వరస లైట్లు ఆర్పించింది. చివరికి, "నాకూ తెల్లగానే కనబడుతోంది మేడమ్" అంది మెల్లగా.

ఆమెకు బుర్ర వేడెక్కిపోయింది. ఎవర్ని నమ్మాలి? తెరనా, తమ్ముణ్ణా, ఇన్నేళ్ళు తనకు తిండి పెట్టిన కళ్ళనా? స్టూలు మీద కూలబడి నుదురు అరచేతికి ఆనించింది. చెయ్యి కుడికన్నును కప్పేసింది. దుప్పటి తెల్లబడింది. చెయ్యి తీసింది. తెలుపు మాసిపోయింది. ఎడమకన్ను మూసి చూస్తే దుప్పటి మీద ఎవరో టీ ఒలకబోసినట్టుంది.

"ఒరేయ్, నీకు రెండు కళ్ళకీ రంగు ఒకటేనా?"

తమ్ముడు ఒక్కో కన్నే మూసి చూశాడు. "ఒకటే. ఎందుకుండదు?"

"నాకు రెండు రకాలుగా ఉందిరా."

ఏమీ కొనకుండా లేచారు. సేల్స్ అమ్మాయి మొహం ముడుచుకోలేదు. "ముందు కళ్ళు చూపించుకోండి మేడమ్, ఇవెక్కడికీ పోవు" అంది.

కంటి డాక్టరు పరీక్షించి కుడికంట్లో శుక్లమని చెప్పాడు. "అంతా పసుపుగా కనబడేసరికి, మీకు తెలియకుండానే బొమ్మల్లో నీలం పెంచేస్తున్నారు."

"మరి నాకు తెలియలేదేమండీ?"

"రోజుకింత చొప్పున వస్తే ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది?"

ఇంటికి వెళ్ళగానే ఆమె కుడికన్ను మూసుకుని పాత ఫోటోలు తెరిచింది. ఎంతమందిని నీలంగా మార్చేసిందో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. కన్ను కుదుటపడ్డాక మళ్ళీ ఆ షాపుకే వెళ్ళారు. ఈసారి చిక్కు ఇంకో రకం. కొత్త కంటికి తెలుపు మరీ తెల్లగా, కొంచెం నీలంగా కూడా ఉంది. పాత కంటికి మామూలుగా ఉంది. ఏ కన్ను చెప్పేది నిజం?

"ఏదో ఒకటి తేల్చక్కా. పిల్లలు బడి గేటు దగ్గర నిలబడుంటారు."

"నువ్వు చెప్పు. ఏది తెలుపు?"

తమ్ముడు తడబడుతూ ఒకటి చూపించాడు. సేల్స్ అమ్మాయి కూడా దాన్నే చూపించింది. ఆమె రెండు కళ్ళతోనూ మార్చిమార్చి చూసి, ఎటూ తేలక, దాన్నే ప్యాక్ చేయమంది.

కొత్త ల్యాప్‌టాప్‌లో దిద్దిన మొదటి ఫోటో స్టూడియోకి పంపింది. బాగుందని యజమాని జవాబిచ్చాడు. నిజంగానే బాగుందో, ఆపరేషన్ సంగతి తెలిసి జాలిపడ్డాడో ఆమెకు అర్థం కాలేదు. తర్వాతి ఫోటో తెరిచి పనిలో పడింది.