ఎదురింటి స్పీడు

గురువారం సాయంత్రం ఆరయ్యేసరికి ఎలిజబెత్ టీచరమ్మ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. చేతిలో పేపరు ఉంటుంది గానీ అందులో ఒక్క అక్షరం చదవదు. ఎదురింటి మెట్ల దగ్గర విడిచిన చెప్పులు లెక్కపెడుతుంది. ఆ వేళ పదమూడు జతలు. పోయిన వారం పన్నెండే. ఆ పదమూడో జత ఎవరిదో తేలితే తప్ప ఆవిడకి రాత్రి అన్నం సహించదు.

ఎదురిల్లు పరాయివాళ్లది కాదు. మరిది ప్రభుది. ప్రభు పెళ్లాం వందన, అంటే ఎలిజబెత్‌కి సొంత తోడికోడలు, ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఎవరొచ్చినా "రా, కూర్చో" అంటుంది. నవ్వుతుంది. అంతకుమించి ఆ మనిషిలో ఏముందో ఎలిజబెత్‌కి ఇరవై ఆరేళ్లుగా అంతుపట్టలేదు.

గురజాలలో ఆ వీధి స్త్రీల కూడిక పదకొండేళ్ల పాటు ఎలిజబెత్ ఇంట్లోనే జరిగింది. గురువారం ఆరింటికి పాస్టరమ్మ షెర్లీ వచ్చి వాక్యం చెప్పేది. తర్వాత ఆడవాళ్లు వంతుల వారీగా బైబిలు చదివేవాళ్లు. ప్రార్థన, టీ, ఆ పైన వీధిలో కబుర్లన్నీ. కూడిక ఎవరింట్లో జరిగితే ఆ ఇల్లాలి మాట చెల్లుతుంది. క్రిస్మస్‌కి చీరలు ఎవరికి పంచాలో, పెళ్లిలో ఎవరు పాడాలో ఆ ఇంట్లోనే తేలుతుంది. ముప్పై రెండేళ్లు సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఎలిజబెత్‌కి ఇంకా మిగిలిన పదవి అదొక్కటే. అదీ పోయింది.

పోవడం కూడా ఎట్లా పోయిందంటే, పాస్టరుగారికి మాచర్ల బదిలీ అయింది. షెర్లీ అమ్మగారు, "నేను గురువారం మిమ్మల్ని వదలను, వీడియోలో వస్తా" అని మాటిచ్చింది. ఎలిజబెత్ పెద్ద టీవీ కొంది, నెట్ పెట్టించింది. మొదటి రెండు వారాలు షెర్లీ అమ్మగారు "ప్రియమైన సహోదరీలారా" అని నోరు తెరిచి అట్లాగే నిలబడిపోయింది. తెర మధ్యలో చక్రం తిరుగుతూ ఉంది. మూడో వారం వందన, "మా ఇంట్లో బానే వస్తందక్కా. ఈ ఒక్క వారం అక్కడ కూర్చుందాం" అంది. ఆ ఒక్క వారం మొదలై ఏడు నెలలయింది.

నాలుగు వారాలు ఎలిజబెత్ కూడా ఆ ఇంటికి వెళ్లి ఓ మూల కూర్చుంది. తర్వాత మోకాళ్ల నొప్పులని చెప్పి మానేసింది. మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి. నొప్పి వేరేచోట ఉంది.

"దాని టీవీ చూశారా? నా టీవీలో సగం లేదు," అంది ఆ రాత్రి మొగుడితో. "అయినా దాంట్లో బొమ్మ ఆగదు. ఎంత స్పీడు తీసుకుందో ఏమో, పైకి చెప్పదు."

సుందరరావు నడికుడి జంక్షన్‌లో పని చేసి రిటైరైన మనిషి. దేనికీ తొందరపడడు. "ఎదురుగానే ఉందిగా. పోయి అడుగు, చెప్పిద్ది."

"నేనా? పోయి దాన్ని అడగాలా? మీ మరదలంటే మీకు ముద్దేలే."

సుందరరావు పచ్చడి కలుపుకుని ఇంకో ముద్ద తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఎలిజబెత్ బస్టాండు పక్కన కేబుల్ ఆఫీసుకి వెళ్లింది. కౌంటర్లో ఫైజల్ ఉన్నాడు. రెండో తరగతిలో ఆవిడ దగ్గర ఎక్కాలు చెప్పించుకున్నవాడే. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. ఆవిడని చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్ ఫైజల్, నా నెట్ స్పీడు ఎంత?"

"మీది నలభై, టీచరమ్మా."

"ఇంకా పైన ఎంతెంత ఉన్నయ్?"

"వందుంది, రెండొందలుంది, మూడొందలుంది. అయినా ఇంట్లో టీవీలెన్ని?"

"ఒకటి."

"ఫోన్లు?"

"నాదీ, సార్‌దీ."

"అయితే నలభై చానా ఎక్కువమ్మా," అన్నాడు ఫైజల్. "టీవీలో హెచ్‌డీ బొమ్మ ఆగకుండా రావాలంటే ఐదు నుంచి పది చాలు. ఇంకా నున్నగా కనపడే ఫోర్కే అయితే పాతిక. మీరు ఫోర్కే చూస్తా ఉన్నా, సారు ఫోన్లో క్రికెట్టు పెట్టుకున్నా ఇంకా మిగులుద్ది. పదిమంది ఉండి, తలా ఒకటి చూసే ఇంటికి కావాల వందా రెండొందలూ. మీకు స్పీడు తక్కువై కాదు, ఇంకేదో ఉంది. వీలు చూసుకుని ఓసారొచ్చి చూస్తా."

ఫైజల్ చెప్పినదాంట్లో వంకపెట్టడానికి ఏమీ లేదు. కానీ ఎలిజబెత్ అక్కడికి వచ్చింది నెట్ సంగతి తెలుసుకోవడానికి కాదు.

"మా ఎదురింటోళ్లకి ఎంతుంది?"

"ఒకరి ప్లాను ఇంకొకరికి చెప్పగూడదు టీచరమ్మా."

చెప్పకూడనంత ఉందన్నమాట! ఎలిజబెత్‌కి ఒళ్లు మండింది. వందే అయితే చెప్పేవాడు. కచ్చితంగా రెండు వందలు ఉండి ఉంటుంది. జాకెట్లు కుట్టుకునేదానికి రెండు వందలు!

"మూడొందలు రాయి," అంది.

"అమ్మా, దండగ..."

"రాయరా."

ఫైజల్ ఫారం నింపాడు. ఆవిడ దాన్ని తిప్పి చూసి, గురజాలలో గు పొట్టిదేగానీ పొడుగుది కాదని చెప్పి దిద్దించి, అప్పుడు సంతకం పెట్టింది.

ఆదివారం చర్చి అయ్యాక మెట్ల మీదే నిలబడి అందరికీ వినపడేలా చెప్పింది. "ఈ గురువారం కూడిక మా ఇంట్లో. నెట్ మార్పించా. మూడొందల స్పీడు." వందన పక్కనే ఉంది. "మంచిదక్కా" అని నవ్వింది. ఆ నవ్వులో ఎక్కడైనా చిన్న ఏడుపు కనిపిస్తుందేమోనని ఎలిజబెత్ చానాసేపు వెతికింది. కనిపించలేదు. అది ఇంకా మంటగా ఉంది.

గురువారం అందరూ వచ్చారు. చెప్పులన్నీ తన మెట్ల దగ్గర చూసుకుని ఎలిజబెత్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆరింటికి షెర్లీ అమ్మగారు తెర మీదికి వచ్చి, "ప్రియమైన సహోదరీలారా" అని నోరు తెరిచి, అట్లాగే నిలబడిపోయింది. చక్రం తిరిగింది. ఎలిజబెత్ రిమోట్ నొక్కింది, టీవీ ఆపి మళ్లీ పెట్టింది. చక్రం తిరుగుతూనే ఉంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"అక్కా," అంది వందన మెల్లగా, "అమ్మగారు చెప్పేది అయిపోద్దేమో. పోనీ, మా ఇంటికి పోదామా?"

అందరూ బైబిళ్లు పట్టుకుని లేచారు. ఎలిజబెత్ టీ పోసి పెట్టిన ఫ్లాస్కు కూడా వాళ్లతోపాటే రోడ్డు దాటింది. మూడొందల స్పీడుతో, ఖాళీ చాపల మధ్య ఆవిడ ఒక్కతే మిగిలింది. ఆ వీధిలో ఆవిడకి అంత తలవంపు ఎప్పుడూ జరగలేదు.

తెల్లారి ఫైజల్ వచ్చాడు. టీవీ చూశాడు, గోడ మీద వైరు చూశాడు, ఆ వైరు పట్టుకుని లోపలి గదిలోకి నడిచాడు. వైరు వెళ్లి ఇనప బీరువా వెనక మాయమైంది.

"రూటర్ ఏదమ్మా?"

"లోపలుంది," అని ఎలిజబెత్ బొడ్లో తాళం తీసి బీరువా తెరిచింది. పట్టుచీరల కింద, తెల్ల తువ్వాల్లో చుట్టి, దీపాలు మిణుకు మిణుకుమంటూ రూటర్ పడుకుని ఉంది. వైరు కోసం బీరువా వెనక చిల్లు కూడా వేయించారు.

ఇది సర్కారు బడిలో పనిచేసినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు. గ్లోబు వచ్చినా, రేడియో వచ్చినా, కంప్యూటరు వచ్చినా బడిలో ఆవిడ మొదట చేసే పని స్టాకు రిజిస్టర్లో ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేయడం. ఒక్క వస్తువు పోకుండా ముప్పై రెండేళ్లు కాపాడింది. అందులో కొన్నిటిని పిల్లలు చూడనే లేదన్నది వేరే సంగతి.

"టీచరమ్మా," అన్నాడు ఫైజల్, నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగి, "ఇనప బీరువాలో పెట్టి తాళమేస్తే సిగ్నలు బయటికెట్టా వచ్చిద్దమ్మా? మూడొందలు కాదు, మూడువేలిచ్చినా ఇంతే." రూటర్ తీసి హాల్లో టీవీ పైన గూట్లో పెట్టాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. "ఇట్టా ఉంటే నలభైకే పరిగెత్తేది. వందనక్కోళ్లకి ఉంది నలభయ్యేగా," అనేసి నాలిక కరుచుకున్నాడు.

నలభై! తనకి మొదట్నించీ ఉన్న నలభయ్యే! ఎలిజబెత్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఓడిపోయింది స్పీడు దగ్గర కాదు, బీరువా దగ్గర. సరే, ఇప్పుడు బీరువా అడ్డు కూడా పోయింది. ఇంక వందనకి తనకంటే ఎక్కువ ఏముంది?

ఇంటింటికీ తిరిగి మళ్లీ పిలిచింది. ఆ గురువారం షెర్లీ అమ్మగారు అరగంట మాట్లాడితే ఒక్క క్షణం బొమ్మ ఆగలేదు. "మాచర్ల నుంచి వచ్చి ఎదురుగా కూర్చున్నట్టే ఉంది" అన్నారు ఆడవాళ్లు. తర్వాత బైబిలు వంతులు. దానమ్మ వంతు వచ్చింది. దానమ్మ మిరప చేలల్లో కూలికి పోతుంది. యాభై దాటాక అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "ఐ... గుత్తు" అని చదివింది.

"గుత్తు కాదు, ఐగుప్తు, అంటే ఈజిప్టు దేశం. పా కింద తా. మళ్లీ చదువు," అంది ఎలిజబెత్.

దానమ్మ మళ్లీ చదివింది. రెండు మాటల తర్వాత ఇంకోచోట తట్టుకుంది. ఎలిజబెత్ దిద్దింది. మూడోసారి దానమ్మ ఆగగానే ఆవిడే వాక్యం పూర్తిచేసి, "ఊఁ, అను" అంది. ప్రేమగానే అంది. పదకొండేళ్లుగా అట్లాగే అంటోంది. వాళ్లకి చదువు రావాలనే ఆవిడ తాపత్రయం.

దానమ్మ పుస్తకం మూసి, "కల్లంలో కాయలున్నయ్ టీచరమ్మా, మంచు పడిద్ది, పోవాల," అని లేచింది. మిగతావాళ్లు టీ గబగబా తాగేశారు. ఎలిజబెత్ అదేమీ పట్టించుకోలేదు. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదన్న సంతోషంలో ఉంది.

తరువాతి గురువారం ఐదున్నరకే చాపలు పరిచింది. ఆరయింది. షెర్లీ అమ్మగారు తెర మీదికి వచ్చి ఖాళీ చాపలతో "ప్రియమైన సహోదరీలారా" అంది. ఎలిజబెత్ వసారాలోకి వచ్చి చూసింది. ఎదురింటి మెట్ల దగ్గర చెప్పులు. ఈసారి లెక్కపెట్టలేదు.

అరగంట సేపు కుర్చీలో కూర్చుని ఉడికిపోయింది. నెట్ బాగాలేదన్నారు, బాగుచేయించింది. నలభై ఉన్నచోటికి పోతారా, మూడు వందలున్న ఇంటిని కాదని? ఆ వందన ఏం మందు పెట్టిందో, ఏం చెప్పి లాక్కుపోయిందో! ఇవాళ అటో ఇటో తేల్చుకోవాలని లేచి, కొంగు బిగించి, రోడ్డు దాటి విసవిసా మెట్లెక్కింది.

గుమ్మం పక్కన ఆగిపోయింది. లోపల దానమ్మ చదువుతోంది. గొంతెత్తి, ధైర్యంగా, పొలంలో మనిషిని పిలిచినట్టు చదువుతోంది. మళ్లీ "ఐగుత్తు" అంది. ఎలిజబెత్ నోరు దానంతట అదే తెరుచుకుంది. లోపల మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. "ఆఁ, తర్వాత?" అంది వందన, మిషను పక్కన కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుట్టుకుంటూ, కథ వింటున్నట్టు. "ఏందే దానమ్మా, ఇయ్యాల బస్సులాగా పోతన్నావు!" అని ఇంకెవరో అంటే అందరూ నవ్వారు. దానమ్మ కూడా నవ్వి, ఇంకో తప్పు చదివి, ఆగకుండా ముందుకు పోయింది.

ఎలిజబెత్ గుమ్మం పట్టుకుని వింది. తన ఇంట్లో పదకొండేళ్లలో దానమ్మ ఒక్కసారి కూడా అట్లా చదవలేదు. ఒక్కసారి కూడా అట్లా నవ్వలేదు. వందన మీద ఇంతకాలం పడ్డ ఏడుపంతా ఒక ఎత్తు, ఈ ఏడుపు ఒక ఎత్తు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

చదువు ఆగిపోయింది. నవ్వులు ఆగిపోయాయి. వందన లేచి, "రా అక్కా, కూర్చో," అని తన కుర్చీ జరిపింది. దానమ్మ చాప మీద ఒద్దికగా సర్దుకుని, పుస్తకం రెండు చేతులా పట్టి ఎలిజబెత్ వైపు చాపింది.

"మీరు చదవండి టీచరమ్మా. మీ ముందర నాకు నోరు తిరగదు."

నెట్ కోసం కాదు వీళ్లు పోయింది. నెట్ అనేది, తన మనసు నొచ్చుకోకుండా వీళ్లు చెప్పిన సాకు. ఎలిజబెత్‌కి అది పూర్తిగా అర్థమైంది. పుస్తకం తీసుకోలేదు.

"నువ్వే చదువు," అంది. "కళ్లజోడు తేలేదు నేను."

కళ్లజోడు ఆవిడ మెడలో గొలుసుకి వేలాడుతూనే ఉంది. గదిలో పదమూడు మందికీ కనిపిస్తూనే ఉంది.

ఎవరూ దిద్దలేదు. దానమ్మ వేలు పెట్టుకుని, ఆపినచోట నుంచి చదవడం మొదలుపెట్టింది.